నిందాస్తుతిలో నారాయణుడు

గఢ్వాల్ పల్లెల్లో రాత్రివేళ జాగర్ మొదలయ్యేసరికి ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగువారూ ఒకే గదిలో చేరుకుంటారు. ఒకరు డౌర్ అనే చిన్న చర్మవాద్యం మీద దరువు వేస్తుంటే, మరొకరు కంచు పళ్లేన్ని పుల్లలతో మోగిస్తారు. గాయకుడు దేవుడి పుట్టుపూర్వోత్తరాలను, ఆయన చేసిన లీలలను, పన్నిన మాయలను ఒక్కొక్కటిగా ఏకరువు పెడుతూ ఆయనను పిలుస్తాడు. పిలుపు తీవ్రమైనకొద్దీ దరువు వేగం అందుకుంటుంది. చివరకు కూర్చున్నవారిలో ఒకరి మీదికి దేవుడు దిగివస్తాడు. ఊగుతాడు, ఆడతాడు, అడిగినవారికి జవాబు చెబుతాడు, తప్పు చేసినవారిని మందలిస్తాడు. పూనకాలను, శివసత్తులను, జమిడిక మోతను ఎరిగిన తెలుగు పాఠకుడికి ఈ దృశ్యం బొత్తిగా కొత్తది కాదు.

ఈ జాగర్లలో కృష్ణుడికి ప్రత్యేకమైన స్థానముంది. ఆ హిమాలయ సానువుల్లో ఆయన నాగరాజుగా పూజలందుకుంటాడు. టెహ్రీ జిల్లాలోని సేమ్ ముఖేమ్ ఆయనకు ప్రధాన క్షేత్రం. ఆయనను పిలిచే పేర్లలో ‘నౌఛమీ నారాయణ’ ఒకటి. లీలామయుడు, మాయలమారి అన్న అర్థచ్ఛాయలు ఆ పేరులో ఉన్నాయి. పిలిచేవారి గొంతులో భక్తి, చనువు, రవంత దెప్పిపొడుపు కలగలిసి వినిపిస్తాయి. 2006లో ఇదే పేరు ఒక పాటకు, ఆ పాట ఉన్న వీసీడీకి శీర్షిక అయింది. రాసి, బాణీ కట్టి, పాడినవారు గఢ్వాలీ వాగ్గేయకారుడు నరేంద్ర సింగ్ నేగీ. అప్పటి రాష్ట్ర ముఖ్యమంత్రి పేరు నారాయణ దత్త్ తివారీ. పేరు వినగానే కొండల్లో నవ్వు మొదలైంది. వివరణ అవసరం లేకపోయింది.

ఎదుటివాడిని పొగడుతున్నట్టే పొడవడం, తిడుతున్నట్టే కొలవడం మన సాహిత్యానికి పరిచితమైన మార్గమే. కృష్ణాతీరంలోని శ్రీకాకుళ ఆంధ్ర మహావిష్ణువును కాసుల పురుషోత్తమ కవి ‘ఆంధ్రనాయక శతకం’లో నిందాస్తుతితోనే అర్చించాడు. గోల్కొండ చెరసాలలో రామదాసు తన రాముడిని నిలదీశాడు. ఆ రచనల్లో పైకి కనిపించేది నింద, లోపల ఉన్నది భక్తి. నేగీ ఆ సంచిని తిరగేశారు. ఆయన పాటలో పైకి వినిపించేది దైవప్రార్థన, లోపల ఉన్నది నింద. కొండప్రాంతపు శ్రోతలు తరతరాలుగా తలవంచి విన్న పిలుపు స్వరం మారకుండానే ఈసారి ఒక పాలకుడి వైపు మళ్లింది. ఆ పాట బలమంతా ఆ మళ్లింపులోనే ఉంది.

ఆ మళ్లింపు చేసిన వ్యక్తి ప్రభుత్వానికి పరాయివాడు కాకపోవడం గమనించదగిన విషయం. 1949 ఆగస్టు 12న పౌడీలో జన్మించిన నేగీ సమాచార శాఖలో ఉద్యోగం చేశారు. ప్రభుత్వం తన మాటను ప్రజల వద్దకు ఎలా చేరవేస్తుందో, ఆ మాట దారిలో ఎక్కడ పలచబడుతుందో ఆ శాఖలో పనిచేసినవారికి తెలియనిది కాదు. తొలి పాట 1974లో పుట్టిందంటారు. తండ్రి చికిత్స కోసం డెహ్రాడూన్ ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో, ఏడాది పొడవునా అడవిలోనూ పొలంలోనూ శ్రమించే కొండ స్త్రీల కష్టాన్ని తలచుకుని ఆయన దానిని కట్టారట. తర్వాత ఆకాశవాణి, ఆ పైన క్యాసెట్లు ఆయన గొంతును ఊరూరికీ మోసుకుపోయాయి. ‘గఢ్వాలీ గీత్‌మాలా’ పేరుతో వరసగా వచ్చిన క్యాసెట్ల తర్వాత, సొంత శీర్షికతో వచ్చిన తొలి సంపుటికి ‘బురాంస్’ అని పేరు పెట్టారు. వసంతంలో కొండలను ఎర్రబరిచే పువ్వు అది.

ఆ గొంతు మొదట వ్యంగ్యానికి పేరుపడలేదు. భర్తలు పట్నాలకో సైన్యానికో వెళ్లిపోగా ఒంటరిగా మిగిలిన ఆడవారి వేదన, పుట్టింటి మీది బెంగ, ఖాళీ అయిపోతున్న ఊళ్లు ఆయన పాటల్లో ప్రధాన వస్తువులు. తన గీతాల పుస్తకానికి ఆయన పెట్టిన ‘ఖుచ్‌కండి’ అన్న పేరు, అత్తవారింటికి వెళ్లే ఆడపడుచు వెంట పిండివంటలు నింపి పంపే బుట్టది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఉధృతంగా సాగిన 1994 ప్రాంతంలో ఆయన పాటలు ఊరేగింపుల్లో మారుమోగాయి. ఆనకట్ట కింద మునిగిపోతున్న టెహ్రీ పట్టణం గురించీ ఆయన పాడారు. కనుక 2006 నాటికి కొండవాసికి ఆ గొంతు ఇంట్లో మనిషి గొంతు. బజారులో ఎవరో విసిరిన ఎకసెక్కెంగా కాక, ఇంటిపెద్ద అన్నమాటగా శ్రోతలు ఆ వ్యంగ్యాన్ని స్వీకరించడానికి ఈ పూర్వపరిచయమే కారణం.

అధిక్షేపం గఢ్వాల్‌లో నేగీతో పుట్టలేదనీ చెప్పాలి. ఊరూరా తిరుగుతూ ఆడిపాడి జీవించిన బద్దీ కులస్థులు ఎన్నో తరాలపాటు ఆ పని చేశారు. భర్త డోలక్ వాయిస్తే భార్య ఆడేది. ఆ ఏడు జరిగిన ప్రమాదం, లేచిపోయిన జంట, పిసినారి ఆసామి, లంచగొండి అధికారి అన్నీ వారి పాటకు ముడిసరుకులే. ఎవరి గడపలో నిలబడి పాడారో ఆ ఇంటి యజమానినీ వారు వదిలేవారు కారు. ప్రతిఫలంగా దక్కింది ధాన్యం, పాతబట్టలు, వాటితోపాటు అంటరానితనం. ఇరవయ్యో శతాబ్ది రెండో సగంలో ఆ అవమానాన్ని భరించలేక వారిలో చాలామంది వృత్తిని విడిచిపెట్టారు. నేగీ స్వయంగా ఆ కులంలో పుట్టినవారు కారు. ఒకనాడు ధాన్యపు గింజలకు అమ్ముడుపోయిన ఎత్తిపొడుపు, దుకాణంలో డబ్బిచ్చి కొనే వీసీడీగా మారినప్పుడు, గౌరవం గాయకుడికి దక్కింది. అతనికి ముందు నడిచిన పాదాలు మాత్రం పేరు లేకుండానే మిగిలాయి. ఆ పాటను మెచ్చుకునేవారు ఈ బాకీని కూడా జ్ఞాపకముంచుకోవడం న్యాయం.

ఇక పాటకు గురి అయిన విషయం. 2000 నవంబరు 9న ఉత్తరాంచల్ పేరుతో కొత్త రాష్ట్రం ఏర్పడింది. 2002 మార్చిలో తివారీ ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికే ఆయన ఉత్తరప్రదేశ్‌కు మూడుమార్లు ముఖ్యమంత్రిగా, కేంద్రంలో ఆర్థిక, విదేశాంగ శాఖల మంత్రిగా పనిచేసిన వృద్ధనేత. 1942 ఉద్యమంలో జైలుకు వెళ్లినవారు. పంత్‌నగర్, హరిద్వార్ ప్రాంతాల్లో పారిశ్రామికవాడలు వెలసింది ఆయన హయాంలోనే. అయితే రాష్ట్రం చిన్నది, ఆశావహులు ఎక్కువ. మంత్రుల సంఖ్య శాసనసభ సభ్యుల్లో 15 శాతానికి మించరాదని, చిన్న రాష్ట్రాల్లో ముఖ్యమంత్రితో కలిపి కనీసం 12 మంది ఉండవచ్చునని 2003 నాటి 91వ రాజ్యాంగ సవరణ నిర్దేశించింది. 70 స్థానాలున్న సభకు ఆ లెక్కన 12 మందే పరిమితి. ముఖ్యద్వారం ఇరుకైతే పక్కద్వారాలు వెడల్పు కావడం పాలనలో కొత్త విషయం కాదు. కార్పొరేషన్లు, మండళ్లు, కమిటీలు, సలహాదారు పదవులు పుట్టుకొచ్చాయి. వాటిలో అనేకం మంత్రిహోదాతో, ఎర్రబుగ్గ కారుతో కూడినవి. ‘లాల్‌బత్తి’ అన్నమాట ఆ రోజుల్లో కొండల్లో పదవికి పర్యాయపదమైంది.

నేగీ పాట పట్టుకున్నది ఈ ఎర్రబుగ్గనే. అంకెలు, ఆరోపణలు, ప్రభుత్వ ఉత్తర్వుల సంఖ్యలు పాటలో ఇమడవు. ఒక దీపం ఇముడుతుంది. దేవుడు భక్తులకు ప్రసాదం పంచినట్టు పాలకుడు దీపాలు పంచుతున్నాడన్న ఒక్క చిత్రంతో, బడ్జెట్టు పద్దుల్లో వెదికినా సామాన్యుడికి బోధపడని విషయం పిల్లవాడికి సైతం తెలిసిపోయింది. వీసీడీలో ముఖ్యమంత్రిని తలపించే పాత్ర కూడా కనిపించడంతో ధ్వనికి దృశ్యం తోడైంది. జాగర్‌లో పూనకం వచ్చినవాడు ఊగినట్టే ఇక్కడ పదవి వచ్చినవాడు ఊగుతాడు. రెండింటికీ దరువు ఒకటే.

శ్రోతల స్పందన గురించి చెప్పేటప్పుడు ఆ పాటను విన్న స్థలాలను విస్మరించరాదు. మలుపుమలుపుకీ లోయ కనిపించే రోడ్ల మీద, పదిమందికి సరిపడే చోట పదిహేనుమందిని ఎక్కించుకున్న జీపులో డ్రైవరు పెట్టిన పాట అందరిదీ అవుతుంది. బస్‌స్టాండు పక్కన టీకొట్టులో, పెళ్లి ఊరేగింపులో, ఢిల్లీ శివార్లలో వలస కుటుంబాలు అద్దెకున్న ఇరుకు గదుల్లో పాటను ఎవరూ ఒంటరిగా వినరు. పక్కవాడు నవ్వాడా లేదా అని చూసి నవ్వుతారు. అధికారం గురించి బహిరంగంగా మాట్లాడటానికి సంకోచించే చిరుద్యోగి కూడా పాటకు తల ఊపగలడు. తల ఊపినందుకు సంజాయిషీ అడిగేవారుండరు కదా!

ఆ వీసీడీని అడ్డుకునే ప్రయత్నాలు జరిగాయని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఇలాంటి ప్రయత్నాల ఫలితం ఎక్కడైనా ఒక్కటే. దుకాణం ముందువరసలో ఉన్న డిస్కు బల్ల కిందికి చేరుతుంది. బల్ల కిందికి చేరిన వస్తువుకు గిరాకీ పెరుగుతుంది. ఒక ఇంటి నుంచి మరో ఇంటికి నకళ్లు చేతులు మారతాయి. పాటను విననివారు సైతం అందులో ఏముందోనని ఆరా తీస్తారు. తన మాటకు విలువ పెంచాలంటే ప్రభుత్వం ఎన్నో ప్రకటనలు ఇవ్వాలి. ఎదుటివాడి మాటకు విలువ పెంచాలంటే ఒక్క నిషేధపు ఊహ చాలు.

మెచ్చుకున్నవారు ఉన్నట్టే నొచ్చుకున్నవారూ ఉంటారు. వారి మాటను కొట్టిపారేయడం తగదు. ఎనభయ్యేళ్ల వృద్ధుడిని, స్వాతంత్ర్య సమరంలో పాల్గొన్నవాడిని ఇలా ఆటపట్టించవచ్చునా? దేవుడిని పిలిచే బాణీని రాజకీయానికి వాడటం అపచారం కాదా? తివారీ కుమావూ ప్రాంతీయుడు, పాట గఢ్వాలీలో ఉన్నది. రెండు ప్రాంతాలను కలిపి ఏర్పడిన కొత్త రాష్ట్రంలో ఇది ఎటువంటి అర్థాలకు తావిస్తుంది? వ్యక్తిని నవ్వులపాలు చేస్తే వ్యవస్థ తప్పించుకుపోదా? ఇవి నిలబడి ఆలోచించవలసిన ప్రశ్నలే. వీటిలో చివరిది అన్నింటికన్నా బరువైనది. దానికి జవాబు తర్వాతి సంవత్సరాలు చెప్పాయి.

2007 జనవరి 1న రాష్ట్రం పేరు ఉత్తరాఖండ్‌గా మారింది. ఆ ఏడు జరిగిన శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెసు ఓడిపోయింది, భారతీయ జనతా పార్టీ అధికారంలోకి వచ్చింది. ఒక పాట ప్రభుత్వాన్ని కూల్చిందన్న కథ కొండల్లో స్థిరపడింది. ఆ కథ వినసొంపుగా ఉన్నమాట నిజమే. కానీ ధరలు, నిరుద్యోగం, పార్టీలోని అంతఃకలహాలు, అధికారంలో ఉన్నవారి పట్ల సహజంగా పేరుకునే విసుగు వంటి ఎన్నికల్లో పనిచేసే శక్తులు పాటకు చాలా ముందే పని ప్రారంభిస్తాయి. పాట చేసింది వేరు. విడివిడిగా ఉన్న విసుగులకు అది ఒకే పేరు పెట్టింది. పేరు దొరికిన విసుగును దాచడం ఎవరికీ సాధ్యం కాదు.

అదే సంవత్సరం ఆగస్టులో తివారీ గవర్నరుగా హైదరాబాదు రాజ్‌భవన్‌కు వచ్చారు. 2009 డిసెంబరులో, తీవ్రమైన వివాదం మధ్య, ఆరోగ్య కారణాలను చూపి పదవికి రాజీనామా చేశారు. తెలుగువారికి ఆయన పేరు ఎక్కువగా గుర్తున్నది ఆ శీతకాలం వల్లనే. ఎక్కడో ఉత్తరాన పుట్టిన ఆ పాటకు తెలుగునేలతో ఏర్పడిన ముడి అది. పాత పాటకు కొత్త అర్థాలు పుట్టించి నవ్వుకోవడం అప్పుడు సులభమైపోయింది. ఆ సులభత్వంలోనే నష్టముంది. ఎర్రబుగ్గల పంపకాన్ని ప్రశ్నించిన పాట, ఒక వ్యక్తి జీవితం మీద గుసగుసగా కుదించుకుపోయింది. కవి ఎక్కుపెట్టిన బాణం కన్నా శ్రోత చూపే చిన్నదైన సందర్భమది.

నేగీ అక్కడ ఆగలేదు. అధికారం చేతులు మారిన కొన్నేళ్లకు, ఈసారి కొత్త పాలకులను ఉద్దేశించి, ఇంకా ఎంత తింటారని నిలదీసే అర్థంలో ‘అబ్ కథ్గా ఖైల్యో’ అన్న శీర్షికతో మరో పాట వచ్చింది. మొదటి పాటకు చప్పట్లు కొట్టిన చేతులు కొన్ని రెండో పాటకు జేబుల్లోకి చేరడం, మొదటి పాటకు ముఖం మాడ్చుకున్నవారు రెండోదానికి పళ్లికిలించడం ఊహకందని విషయం కాదు. పార్టీ మారింది, బుగ్గ మారలేదు. గాయకుడు ఏ పక్షానికి చెందినవాడన్న ప్రశ్నకు అంతకన్నా స్పష్టమైన సమాధానం అక్కరలేదు. వ్యక్తిని నవ్వులపాలు చేస్తే వ్యవస్థ తప్పించుకుపోదా అన్న ప్రశ్నకూ ఇదే సమాధానం. తప్పించుకుపోయింది. అందుకే రెండో పాట కావలసివచ్చింది.

ఆ తప్పు గాయకుడిదా, శ్రోతదా? ఇక్కడ మళ్లీ జాగర్ దగ్గరికి రావలసి ఉంటుంది. జాగర్‌లో దేవుడు తనంతట తాను దిగిరాడు. పిలిచేవారుండాలి, దరువు వేసేవారుండాలి, చుట్టూ కూర్చుని ఎదురుచూసే ఊరు ఉండాలి. పూనకం వచ్చినవాడు ఆ ఊరి కోరికలకే రూపం. పాలకుడిని జాగర్ దేవుడిగా నిలబెట్టిన క్షణంలోనే, పాట ఆ పాలకుడి చుట్టూ కూర్చున్నవారిని కూడా చూపించింది. దీపం పంచిన చేయి ఒకటైతే అందుకోవడానికి చాచిన చేతులు ఎన్ని? తమ ఊరివాడికి, తమ కులంవాడికి, తమ బంధువుకు పదవి వస్తే ఊరిపొలిమేర వరకు ఎదురేగి మేళతాళాలతో తీసుకువచ్చినవారెవరు? ఎర్రబుగ్గ కారు ఇంటిముందు ఆగితే చాలు, రోడ్డు పడకపోయినా ఫరవాలేదనుకున్నవారెవరు? జీపులో కూర్చుని నవ్వుకున్న శ్రోత ముఖ్యమంత్రి పేరు విన్నాడు, పిలుస్తున్న గొంతుల్లో తన గొంతును మాత్రం గుర్తుపట్టలేదు. నిజానికి నౌఛమీ నారాయణుడిని పిలిచింది అతడే.

అధిక్షేపానికి ఉన్న పాత చిక్కే ఇది. ప్రతి శ్రోతా అందులో పక్కింటివాడిని చూస్తాడు. వేమన మందలించిన మూఢుడు మన కాలంలో ఎవరికీ తారసపడడు, అందరూ ఆయన పక్షమే. అయినా ఆ పద్యం నిలిచింది. ఎందుకంటే పదిసార్లు పక్కవాడిని చూసి నవ్వినవాడికి పదకొండోసారి అద్దం కనిపించే అవకాశం ఉంటుంది. పాటకు ఈ ఓర్పు ఉంది. పత్రికలో వచ్చిన విమర్శ మరునాటికి పొట్లాం కాగితం అవుతుంది. పాట మళ్లీ మళ్లీ వినబడుతుంది. మొదటిసారి నవ్వించిన చరణం ఇరవయ్యోసారి నవ్వించదు. నవ్వు అయిపోయాక మిగిలేదేదో అప్పుడు చెవిన పడుతుంది.

2017 మే 1 నుంచి కేంద్ర ప్రభుత్వ నిర్ణయంతో దేశమంతటా నాయకుల, అధికారుల కార్ల మీది ఎర్రబుగ్గలు తొలగిపోయాయి. 2018 అక్టోబరు 18న, తన 93వ పుట్టినరోజునాడే, తివారీ కన్నుమూశారు. 2018వ సంవత్సరపు సంగీత నాటక అకాడమీ పురస్కారానికి నేగీ ఎంపికయ్యారు. 2022 ఏప్రిల్‌లో ఢిల్లీలో జరిగిన సభలో అప్పటి ఉపరాష్ట్రపతి ముప్పవరపు వెంకయ్యనాయుడు ఆ పురస్కారాలను ప్రదానం చేశారు. ప్రభుత్వ వ్యవస్థను నవ్వులపాలు చేసిన గొంతును, ప్రభుత్వ సంస్థ ఒకటి లోకగీతాల గొంతుగా గుర్తించి సత్కరించింది. ఇందులో వైరుధ్యాన్ని వెదకనక్కరలేదు. దర్బారుల్లో విదూషకుడికి చోటుండేది. అతని మాట విని రాజు నవ్వడం రాజుకే శోభ. కాకపోతే సత్కారం పాటకు పదునెక్కించదు. శాలువా కప్పిన పాటను ఎవరూ తమకు అన్వయించుకోరు. ఆ భారం మళ్లీ శ్రోత మీదనే పడుతుంది.

ఎర్రబుగ్గను ఎన్నడూ చూడని పిల్లలు ఇప్పుడు కొండల్లో పెరుగుతున్నారు. పెళ్లి ఊరేగింపులో ఆ పాట వినిపించినప్పుడు, లాల్‌బత్తి అంటే ఏమిటని వారు అడగడం సహజం. పూర్వం పెద్దవాళ్ల కార్ల మీద ఒక దీపం ఉండేదని, దానికోసం జనం తిరిగేవారని పెద్దలు చెబుతారు. ఇప్పుడు దానికి బదులు ఏముందని ఆ పిల్లవాడు మరో ప్రశ్న వేస్తే, పాట మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది.